పిరమైన ఆట: వీడియో గేమ్ కన్సోళ్ల ధర, కొనుగోలు స్తోమత - మొగుడంపల్లి కొలమానంతో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

టీవీకి కలిపి ఆడే వీడియో గేమ్ కన్సోలు గడచిన యాభై ఏళ్లలో అగ్గువైందా, పిరమైందా అన్న ప్రశ్నకు సాధారణంగా డాలర్లలోనే సమాధానం చెబుతుంటారు. సంగారెడ్డి జిల్లా మొగుడంపల్లి వంటి సరిహద్దు మండలంలోని కుటుంబానికి ఆ సమాధానం సరిపోదు. ఈ వ్యాసం కన్సోలు ధరను ఉపాధి హామీ కూలి దినాలలోను, జహీరాబాద్ ప్రాంత రైతు పండించే చెరకు టన్నులలోను కొలుస్తుంది. 2007 నుంచి 2024-25 వరకు ఆ దూరం తగ్గిన తీరును, తగ్గుదలకు కారణాలను, ఇటీవల ఎదురైన కొత్త అడ్డంకిని వివరిస్తుంది. యంత్రం కొనలేని ఊళ్లకు ఆట ఏ దారుల్లో చేరిందో, ఆ దారులు ఇప్పుడు ఎలా మూసుకుపోతున్నాయో చర్చిస్తుంది.

కీలక పదాలు: వీడియో గేమ్ కన్సోలు, కొనుగోలు స్తోమత, కూలి దినం, చెరకు ధర, అద్దె ఆట, మొగుడంపల్లి, జహీరాబాద్.

1. ఉపోద్ఘాతం

2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనలో జహీరాబాద్ మండలం నుంచి విడివడి మొగుడంపల్లి కొత్త మండలంగా ఏర్పడింది. పాత మెదక్ జిల్లాకు పడమటి కొసన, కర్ణాటకను ఆనుకొని ఉన్న ప్రాంతమిది. హైదరాబాద్ నుంచి మహారాష్ట్ర వైపు సాగే 65వ నంబరు జాతీయ రహదారి ఈ సరిహద్దును దాటుతుంది. చెరకు, కంది, పత్తి, అల్లం, చిరుధాన్యాలు పండే నేల. రైతులు, కౌలుదారులు, వ్యవసాయ కూలీలు, రహదారి వెంట చిన్న వ్యాపారాలు చేసుకునేవారు ఇక్కడి జనాభాలో ప్రధాన భాగం.

ఇలాంటి చోట వీడియో గేమ్ కన్సోలు గురించి ఆలోచించడం మొదట వింతగా తోచవచ్చు. ఆ వింతలోనే ప్రశ్న ఉంది. టీవీ, మోటారు సైకిలు, సెల్‌ఫోను ఒకనాడు ఊరికి ఒకటి రెండు ఉన్న వస్తువులే. తరువాత ఇంటింటికీ వచ్చాయి. కన్సోలు అలా రాలేదు. అమెరికాలో 1972లో మాగ్నవాక్స్ ఒడిస్సీతో మొదలైన ఈ యంత్రం అక్కడ సాధారణ గృహోపకరణంగా మారింది. ఇక్కడ నేటికీ నగరపు మధ్యతరగతి ఇంటి వస్తువుగానే మిగిలింది. ఈ తేడాకు కారణం ఇష్టాయిష్టాలా, ధరా? ధరే అయితే, ఆ ధరను ఏ కొలతతో కొలవాలి? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడం ఈ వ్యాస ఉద్దేశం.

2. మాటల్లోని లెక్క

కొనుగోలు శక్తిని గురించి తెలుగులో ఉన్న మాటలను ముందుగా చూడడం ప్రయోజనకరం. తెలంగాణలో వెల ఎక్కువైన వస్తువును ‘పిరం’ అంటారు. ఇది ‘ప్రియం’ అనే మాటకు వికృతి. ప్రియం అంటే ఇష్టమైనది. ప్రియం అంటే వెల హెచ్చు కూడా. ఒకే మాటలో కోరిక, దూరం రెండూ ఇమిడి ఉన్నాయి. దీనికి ఎదురు మాట ‘అగ్గువ’. సరిహద్దు దాటితే కన్నడంలో ఇదే అర్థంలో ‘అగ్గ’ వినిపిస్తుంది.

పిరం, అగ్గువ అనేవి వస్తువును గురించిన మాటలు. కొనేవాడిని గురించిన మాట ‘స్తోమత’. కొన్నది తన ఖర్చుకు తగిన ఫలితం ఇస్తుందా అనేదానికి ‘గిట్టుబాటు’ అనే మాట వేరుగా ఉంది. వస్తువు అగ్గువైనా కొనేవాడికి స్తోమత లేకపోవచ్చు. స్తోమత ఉన్నా ఆ కొనుగోలు గిట్టకపోవచ్చు. కన్సోలు విషయంలో ఈ మూడింటినీ కలిపేసి ‘ధర తగ్గింది’ లేదా ‘పెరిగింది’ అని తేల్చడం వల్లనే గందరగోళం కలుగుతుంది. అందువల్ల ఈ వ్యాసంలో మొదట వస్తువు ధరను, తరువాత స్తోమతను, ఆపైన గిట్టుబాటును విడివిడిగా చూస్తాను.

3. కన్సోలు ధర నిర్ణయమయ్యే తీరు

కన్సోలుది ఇతర గృహోపకరణాలకు భిన్నమైన వ్యాపార పద్ధతి. తయారీదారు యంత్రాన్ని తక్కువ లాభానికి, కొన్నిసార్లు నష్టానికి కూడా అమ్ముతాడు. ఆ తరువాత అమ్ముడయ్యే ప్రతి ఆట మీద వచ్చే వాటాతో ఆ లోటు పూడ్చుకుంటాడు. ప్రింటరును అగ్గువకు ఇచ్చి సిరాను పిరంగా అమ్మే పద్ధతి వంటిదే ఇది. కనుక పెట్టె మీద ముద్రించిన ధర మొత్తం ఖర్చులో మొదటి వాయిదా మాత్రమే. టీవీ, ఆటల డిస్కులు, ఇంటర్నెట్ కలిస్తేనే అసలు వెల తేలుతుంది.

రెండో ప్రత్యేకత కాలంతోపాటు ధర తగ్గడం. సోనీ ప్లేస్టేషన్ 1995 సెప్టెంబరులో అమెరికాలో 299 డాలర్లకు విడుదలైంది. 1996లో 199, 1997లో 149, 1999లో 99 డాలర్లకు దిగింది. 2000 అక్టోబరులో 299 డాలర్లకే వచ్చిన ప్లేస్టేషన్ 2 ధర 2002లో 199, 2004లో 149, 2006లో 129, 2009లో 99 డాలర్లయింది. ఈ తగ్గుదలకు ప్రధాన కారణం చిప్పుల తయారీలో వచ్చిన మార్పు. చిప్పులోని భాగాలు ఏటేటా చిన్నవైన కొద్దీ ఒకే పలక మీద ఎక్కువ చిప్పులు తయారవుతాయి. విద్యుత్తు తక్కువ ఖర్చవుతుంది. చల్లబరిచే ఏర్పాటు చిన్నదవుతుంది. పెట్టె కూడా చిన్నదవుతుంది. ప్లేస్టేషన్ 2లో మొదట విడివిడిగా ఉన్న రెండు ప్రధాన చిప్పులు క్రమంగా ఒకటిగా కలిశాయి. 2004లో దాని సన్నని నమూనా వచ్చింది.

దీనివల్ల కొనుగోలుదారుల్లో ఒక వరుస ఏర్పడింది. కలవారు మొదటి ఏడాదిలో, మధ్యతరగతి మూడు నాలుగేళ్లకు, మిగిలినవారు చివర్లో కొనేవారు. ఆగగలిగినవాడికి మూడో వంతు ధరకే యంత్రం దొరికేది. స్తోమత తక్కువైన కుటుంబానికి ఓపికే పెట్టుబడి. ఈ సంగతి ఈ వ్యాసంలో తరువాత మళ్లీ ప్రస్తావనకు వస్తుంది.

4. అమెరికా కొలమానంలో

ధరలను మామూలు డాలర్లలో పోల్చడం తప్పుదారి పట్టిస్తుంది. 1977లో అటారీ వీడియో కంప్యూటర్ సిస్టమ్ 199 డాలర్లు. ద్రవ్యోల్బణాన్ని లెక్కలోకి తీసుకుంటే అది నేటి సుమారు వెయ్యి డాలర్లకు సమానం. ఇంతకంటే సూటిగా అర్థమయ్యే కొలత పనిగంట. అమెరికా సమాఖ్య ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం 1977లో గంటకు 2.30 డాలర్లు. అంటే అటారీ కోసం కనీస వేతన కార్మికుడు సుమారు 87 గంటలు, రోజుకు 8 గంటల లెక్కన 11 దినాలు పనిచేయాలి.

ఇదే లెక్కన 1995లో ప్లేస్టేషన్‌కు 4.25 డాలర్ల వేతనంతో 9 దినాలు పట్టేది. 2000లో ప్లేస్టేషన్ 2కు 5.15 డాలర్ల వేతనంతో 7 దినాలు. 2006లో ప్లేస్టేషన్ 3 రెండు రకాలుగా 499, 599 డాలర్లకు వచ్చింది. వేతనం మారలేదు కనుక 12 నుంచి 15 దినాలు పట్టింది. 2013లో 399 డాలర్ల ప్లేస్టేషన్ 4కు 7.25 డాలర్ల వేతనంతో 7 దినాలు, 2020లో 499 డాలర్ల ప్లేస్టేషన్ 5కు దాదాపు 9 దినాలు.

అర్ధ శతాబ్దం పాటు ఆ దేశంలోని అతి తక్కువ వేతనజీవికి సైతం కన్సోలు వెల ఒకటి నుంచి మూడు వారాల పని దాటలేదన్నమాట. యంత్రం శక్తి వేల రెట్లు పెరిగినా ఈ దినాల సంఖ్య చాలా ఇరుకైన పరిధిలోనే తిరిగింది. ఇది యాదృచ్ఛికం కాదు. తయారీదారులు అక్కడి కుటుంబాల స్తోమతను ముందుగా లెక్కగట్టి, దానికి తగినట్లు యంత్రాన్ని రూపొందిస్తారు. ఎవరి స్తోమతను బట్టి వస్తువు రూపొందుతుందో వారికే అది అందుబాటులో ఉండడం సహజం.

5. మొగుడంపల్లి కొలమానంలో

ఇదే యంత్రాన్ని ఇప్పుడు ఇక్కడి కొలతతో చూడాలి. 2006లో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం తొలి విడతలో అమలైన జిల్లాలలో పాత మెదక్ ఒకటి. ఆ పథకం కింద ప్రకటించిన దినసరి కూలి అధికారికంగా నమోదైన సంఖ్య కనుక కాలక్రమంలో పోల్చడానికి అనువైనది. విడి వ్యవసాయ కూలి దీనికంటే ఎక్కువగానో తక్కువగానో ఉండవచ్చు. అందువల్ల కింది సంఖ్యలను హద్దు గుర్తులుగా తీసుకోవాలి.

రెండో కొలతగా చెరకును తీసుకున్నాను. జహీరాబాద్ ప్రాంత రైతు జీవితంలో చెరకుది ముఖ్యస్థానం. కేంద్రం ఏటా దానికి ధర ప్రకటిస్తుంది. 2009 వరకు అది చట్టబద్ధ కనీస ధర. ఆ తరువాత న్యాయమైన, గిట్టుబాటు ధర. చక్కెర రికవరీ శాతానికి సంబంధించిన ప్రాతిపదిక ఈ కాలంలో 9 నుంచి 10.25కు మారింది కనుక ఈ పోలిక కూడా స్థూలమైనదే.

పట్టిక: భారతదేశంలో ప్లేస్టేషన్ ధర - కూలి దినాలు, చెరకు టన్నులు

| యంత్రం, కాలం | ధర (రూ.) | దినసరి కూలి (రూ.) | కూలి దినాలు | టన్ను చెరకు ధర (రూ.) | చెరకు టన్నులు |
|---|---|---|---|---|---|
| ప్లేస్టేషన్ 3, 2007 ఏప్రిల్ | 39,990 | 80 | 500 | 802.50 | 50 |
| ప్లేస్టేషన్ 4, 2014 జనవరి | 39,990 | 149 | 268 | 2,100 | 19 |
| ప్లేస్టేషన్ 5, 2021 ఫిబ్రవరి | 49,990 | 237 | 211 | 2,850 | 17.5 |
| ప్లేస్టేషన్ 5, 2024-25 | 54,990 | 300 | 183 | 3,400 | 16 |

పట్టికలోని మొదటి రెండు వరుసలు గమనించదగినవి. 2007లోను 2014లోను యంత్రం ధర ఒక్కటే, 39,990 రూపాయలు. అయినా కూలి దినాలు దాదాపు సగమయ్యాయి. చెరకు 50 టన్నుల నుంచి 19 టన్నులకు తగ్గింది. కన్సోలు అగ్గువ కాలేదు. కూలి పెరిగింది, చెరకు ధర పెరిగింది. కొనుగోలు స్తోమతలో వచ్చిన ఈ మార్పు కర్మాగారంలో జరిగింది కాదు, పొలంలోను పనిస్థలంలోను జరిగింది.

మూడో, నాలుగో వరుసల కథ వేరు. 2014 నుంచి 2024-25 వరకు కూలి రెట్టింపయినా దినాలు 268 నుంచి 183కు మాత్రమే తగ్గాయి. చెరకు టన్నులు మూడే తగ్గాయి. ఎకరాకు సుమారు 30 టన్నుల దిగుబడి అనుకుంటే నేటికీ ఒక యంత్రం అరెకరం పంట విలువ చేస్తుంది. విత్తనం, ఎరువు, నరికే కూలి, రవాణా ఖర్చులు తీసివేయక ముందు లెక్క ఇది.

కూలి దినాల లెక్కలో మరొక మాట చెప్పాలి. ఉపాధి హామీ చట్టం ఒక కుటుంబానికి ఏడాదికి హామీ ఇచ్చిన పని 100 దినాలు. ఆ లెక్కన 2007లో కన్సోలు వెల ఐదేళ్ల పని. 2024-25లో దాదాపు రెండేళ్ల పని. అది కూడా తిండికి, మందులకు, చదువుకు ఒక్క రూపాయి ఖర్చు చేయకుండా ఉంటే. కూలిలో ఐదో వంతు మిగల్చగలిగిన కుటుంబం అనుకుంటే 183 దినాలు 900 దినాలు దాటుతాయి. అమెరికాలో ఒకటి నుంచి మూడు వారాలతో తేలే లెక్క ఇక్కడ ఏళ్లలోకి వెళ్తుంది.

అన్ని కన్సోళ్లూ ఇంత పిరం కావు. 2006 సెప్టెంబరులో ఎక్స్‌బాక్స్ 360 ప్రాథమిక నమూనా 19,990 రూపాయలకు భారత విపణిలోకి వచ్చింది. 2020 నవంబరులో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ ధర 34,990 రూపాయలు. అయినా మొదటిది అప్పటి కూలితో 250 దినాలు, రెండోది దాదాపు 148 దినాలు. వంద దినాల గీత దిగువకు ఇవి కూడా రాలేదు.

6. సరిహద్దులో పెరిగే వెల

ఇక్కడి కొనుగోలుదారుడి ఆదాయం తక్కువ కావడమే కాక, అతను చెల్లించే ధర కూడా ఎక్కువ. 2007 ఏప్రిల్‌లో డాలరు విలువ సుమారు 42 రూపాయలు. 599 డాలర్ల యంత్రం ఆ లెక్కన 25 వేల రూపాయల చిల్లర కావాలి. ఇక్కడ అమ్మినది 39,990కి. 2014 జనవరిలో డాలరు సుమారు 62 రూపాయలు. 399 డాలర్లకు దాదాపు 24,700 రూపాయలు. ఇక్కడి ధర మళ్లీ 39,990. 2021 ఫిబ్రవరిలో సుమారు 73 రూపాయల లెక్కన 499 డాలర్లకు 36,400 రూపాయలు; ఇక్కడి ధర 49,990. అమెరికా ధరల్లో అక్కడి అమ్మకపు పన్ను కలిసి ఉండదన్న సంగతి గుర్తుంచుకున్నా తేడా పెద్దదే.

ఈ తేడాలో పన్నుల పాత్ర స్పష్టం. వినియోగ వస్తువుల దిగుమతులపై దేశంలో దీర్ఘకాలం ఉన్న పరిమాణ ఆంక్షలు 2001 ఏప్రిల్‌లో తొలగాయి. అంతకుముందు కన్సోళ్లు ఎక్కువగా గల్ఫ్ నుంచి వచ్చేవారి పెట్టెల్లోనో, నగరాల్లోని అనధికార విపణుల్లోనో కనిపించేవి. ఆంక్షలు తొలగినా సుంకాలు మిగిలాయి. 2018-19 కేంద్ర బడ్జెట్ వీడియో గేమ్ కన్సోళ్లపై మూల దిగుమతి సుంకాన్ని 10 నుంచి 20 శాతానికి పెంచింది. 2017 జులైలో వస్తుసేవల పన్ను అమలైనప్పుడు ఇవి 28 శాతం శ్రేణిలో ఉన్నాయి. 2018 డిసెంబరు 22 నాటి మండలి నిర్ణయంతో 2019 జనవరి 1 నుంచి 18 శాతానికి మారాయి. 49,990 రూపాయల యంత్రంలో ఈ 18 శాతం పన్ను వాటా సుమారు 7,600 రూపాయలు. 2021 కూలి లెక్కన 32 దినాలు.

రూపాయి విలువ తగ్గుదల మరో కారణం. కూలి రూపాయల్లో పెరుగుతుంది. కన్సోలు ఖర్చు డాలర్లలోను యెన్లలోను లెక్కకు వస్తుంది. 2007లో 42 రూపాయలున్న డాలరు 2024 నాటికి సుమారు 84 రూపాయలైంది. కూలి పెంపులో కొంత భాగాన్ని ఈ మారకపు విలువే మింగివేసింది.

7. యంత్రం కొనకుండా ఆట ఆడిన కాలం

ఇంతటి దూరం ఉన్నా వీడియో గేమ్ ఈ ప్రాంతాలకు తెలియనిదేమీ కాదు. 1990లలో పెరిగిన తరానికి ‘టీవీ గేమ్’ పరిచితమైన మాట. దానికి ప్రధానంగా మూడు దారులు.

మొదటిది నకలు యంత్రం. 1983 జులైలో జపాన్‌లో 14,800 యెన్లకు విడుదలైన నింటెండో ఫ్యామికామ్‌ను అనుకరించి తైవాన్, చైనాలలో లెక్కలేనన్ని యంత్రాలు తయారయ్యాయి. కాలక్రమంలో మొత్తం సర్క్యూటు ఒకే చిప్పులోకి ఇమిడిపోయి, దానిమీద నల్లని జిగురు బొట్టు పెట్టిన పలకగా మారింది. లిటిల్ మాస్టర్, మీడియా వంటి పేర్లతో భారతీయ విపణిలో అమ్ముడైనవి ఈ కోవకు చెందినవే. ‘క్యాసెట్టు’ అని పిలిచిన ఒకే గుళికలో వందల, వేల ఆటలున్నట్లు పైన ముద్రించేవారు. తెరిస్తే కొద్ది ఆటలే పేర్లు మార్చుకొని మళ్లీ మళ్లీ వచ్చేవి. మారియో, కాంట్రా వంటి ఆటలు మన పిల్లలకు చేరింది ఎక్కువగా ఈ దారినే. యంత్రం మీద, ఆట మీద హక్కుదారులకు వీటి నుంచి ప్రతిఫలం చేరలేదు. ఇది సమర్థించే విషయం కాదు. కానీ అసలు యంత్రం అందని చోట ఆటను తెచ్చినది నకలేనన్నది చరిత్ర.

రెండో దారి అద్దె. పట్టణాల్లో ఒక గదిలో రెండు మూడు టీవీలు పెట్టి గంటకింత అని తీసుకొని ఆడించే పార్లర్లు వెలిశాయి. ఆర్థికంగా ఇది చాలా సులభమైన ఏర్పాటు. ఉదాహరణకు 39,990 రూపాయల యంత్రాన్ని గంటకు 20 రూపాయల లెక్కన అద్దెకిచ్చారనుకుందాం. 2,000 గంటల్లో యంత్రం వెల తిరిగి వస్తుంది. రోజుకు 8 గంటల లెక్కన అది 250 దినాలు. ఆడేవాడికి మాత్రం గంట ఆట 80 రూపాయల కూలిలో నాలుగో వంతు. ఒక ఇంటికి 500 దినాల వెల అయిన యంత్రం వందల పిల్లల మధ్య గంటలుగా విడిపోయింది. ఇది స్తోమత లేనివారి గిట్టుబాటు. ఏడాదిలో పది గంటలు ఆడే పిల్లవాడికి యంత్రం కొనడం ఏ లెక్కనా గిట్టదు. పది గంటలు కొనుక్కోవడం గిట్టుతుంది.

మూడో దారి పాత యంత్రం. ప్లేస్టేషన్ 2 పన్నెండేళ్లకు పైగా విపణిలో ఉంది. తరువాతి తరం యంత్రం వచ్చాక కూడా అగ్గువ యంత్రంగా, వాడిన యంత్రంగా కొనసాగింది. హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ రూపొందించిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ 2009లో వెలువడింది ఈ పాత యంత్రం మీదనే. అప్పటికి ప్లేస్టేషన్ 3 మన దేశానికి వచ్చి రెండేళ్లయింది. అయినా భారతీయ ఆటకు కొనుగోలుదారులు దొరికే అవకాశం పాత యంత్రం ఉన్న ఇళ్లలోనే ఎక్కువ. యంత్రం అగ్గువ అయ్యాకనే స్థానికమైన ఆటకు చోటు కలుగుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

8. ఫోను వచ్చిన తరువాత

2016 సెప్టెంబరులో జియో 4జీ సేవలు మొదలై ఇంటర్నెట్ ధర ఒక్కసారిగా దిగివచ్చింది. ఆ తరువాత గ్రామాల్లో ఆట అంటే ఫోనులోని ఆట అయింది. పది వేల రూపాయల ఫోను 2024-25 కూలితో 34 దినాల వెల. వంద దినాల గీతకు చాలా దిగువన ఉంది. పైగా ఆ ఫోనును ఆట కోసం కొనరు. మాట్లాడడానికి, డబ్బు పంపడానికి, పంట ధర తెలుసుకోవడానికి, పాఠాలు వినడానికి కొంటారు. ఆట దానితోపాటు ఉచితంగా వస్తుంది. ఒకే ఖర్చును పలు అవసరాలు పంచుకోవడం వల్ల ఫోను గిట్టుబాటైంది. ఒక్క ఆటకే పరిమితమైన కన్సోలుకు ఆ వెసులుబాటు లేదు.

అయితే ఉచితం అన్న మాటను జాగ్రత్తగా తీసుకోవాలి. ఈ ఆటలు ప్రవేశానికి డబ్బు అడగవు. ఆట మధ్యలో దుస్తులకు, ఆయుధాలకు, అవకాశాలకు అడుగుతాయి. ప్రకటనలు చూపి ఆటగాడి కాలాన్ని తీసుకుంటాయి. ఆ ఆట ఆటగాడి చేతిలో శాశ్వతంగా ఉండదు కూడా. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీ మొబైల్‌ను నిషేధించినప్పుడు దేశమంతటా లక్షల మంది ఆట నిలిచిపోయింది. క్యాసెట్టు ఉన్న పిల్లవాడి ఆటను అలా ఆపడం సాధ్యమయ్యేది కాదు.

9. ఆగినా ఫలం దక్కని కాలం

ఇప్పుడు మూడో విభాగంలో చెప్పిన వరుస దగ్గరికి మళ్లీ రావాలి. ఆగగలిగినవాడికి అగ్గువగా దొరకడం కన్సోలు చరిత్రలో దాదాపు నియమం. ఈ తరంలో ఆ నియమం తప్పింది. 2021 ఫిబ్రవరిలో 49,990 రూపాయలున్న ప్లేస్టేషన్ 5 ధర 2022 నవంబరులో 54,990కి పెరిగింది. అమెరికాలో కూడా 2025 ఆగస్టులో 50 డాలర్లు పెరిగింది. 499 డాలర్ల ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 2025 మే నెలలో 599కి, అక్టోబరులో 649కి చేరింది. చిప్పులను ఇంకా చిన్నవి చేయడం నానాటికీ ఖర్చుతో కూడిన పని కావడం, ద్రవ్యోల్బణం, మారకపు విలువలు, కొత్త సుంకాలు దీనికి కారణాలు.

ఈ మార్పు మొగుడంపల్లి లెక్కలో ఏమి చేసిందో చూడడానికి ఒక ఊహ చేద్దాం. ప్లేస్టేషన్ 2 ధర అమెరికాలో 2000 అక్టోబరు నుంచి 2004 మే నాటికి, అంటే మూడున్నరేళ్లకు, 299 నుంచి 149 డాలర్లకు, సరిగ్గా సగానికి దిగింది. ప్లేస్టేషన్ 5 కూడా ఇక్కడ అదే వేగంతో తగ్గి ఉంటే 2024-25 నాటికి సుమారు 25 వేల రూపాయలు కావాలి. 300 రూపాయల కూలితో అది 83 దినాలు. ఇన్నేళ్ల చరిత్రలో తొలిసారి ఆ తరపు ప్రధాన కన్సోలు ఒక కూలి కుటుంబపు ఏడాది హామీ పని కంటే తక్కువ వెలకు వచ్చేది. కూలి తన వంతు పెరుగుదల తాను పెరిగింది. యంత్రం తన వంతు తగ్గుదల తగ్గలేదు. రెండూ కలవవలసిన చోటుకు ఒకటే చేరింది.

ధరతోపాటు మరో తలుపు కూడా మూసుకుంటోంది. ప్లేస్టేషన్ 5లో డిస్కు పెట్టే అమరిక లేని డిజిటల్ నమూనా 2021లో 39,990 రూపాయలకు వచ్చింది. పది వేల రూపాయల ఆదా, అంటే 42 కూలి దినాలు. పైకి ఇది పేదవాడికి అనుకూలమైన యంత్రంలా తోస్తుంది. కానీ డిస్కు లేనివాడు ఆటను స్నేహితుడి దగ్గర అరువు తీసుకోలేడు, వాడిన డిస్కు కొనలేడు, ఆడి ముగించిన ఆటను అమ్ముకోలేడు. 2021లో ఈ తరపు పెద్ద ఆటల ధర 4,999 రూపాయల వరకు ఉండేది; 2021 కూలితో 21 దినాలు. రెండు ఆటలను కొత్తవిగా కొంటే యంత్రం మీద ఆదా చేసిన మొత్తం తీరిపోతుంది. మొదటి వాయిదా తగ్గించి మిగిలిన వాయిదాలన్నీ పెంచే ఏర్పాటు ఇది. నెలవారీ వాయిదాల సౌకర్యం కూడా జీతపు కాగితం, క్రెడిట్ కార్డు ఉన్నవారికే అందుతుంది. దినసరి కూలికి అందదు.

స్తోమత లేనివారు ఇంతకాలం నమ్ముకున్న ఉపాయాలు నాలుగు: ఆగడం, పంచుకోవడం, వాడినది కొనడం, నకలుతో సరిపెట్టుకోవడం. వీటిలో మొదటి మూడూ ధర్మబద్ధమైనవే. ఇప్పుడు బలహీనపడుతున్నవి కూడా ఆ మూడే.

10. దీనివల్ల నష్టమేమిటి?

ఆట అందకపోతే వచ్చే నష్టమేమిటన్న ప్రశ్న సహజం. కన్సోలు అన్నం వంటి అవసరం కాదు. అయినా వీడియో గేమ్ నేడు కథ, చిత్రం, సంగీతం, గణితం కలిసిన కళారూపం; జీవనోపాధి కూడా. ఆట, యానిమేషన్ రంగాల కోసం హైదరాబాద్‌లోని రాయదుర్గంలో ఇమేజ్ టవర్‌కు రాష్ట్ర ప్రభుత్వం 2017లో శంకుస్థాపన చేసింది. మొగుడంపల్లి నుంచి జాతీయ రహదారి మీద రెండు మూడు గంటల దూరం. ఆ రంగంలో ఉద్యోగానికి వెళ్లే యువతలో నగరపు పిల్లవాడు చిన్ననాటి నుంచి పదుల ఆటలు ఆడి వాటి నిర్మాణాన్ని లోపలి నుంచి గ్రహించి ఉంటాడు. ఊరి విద్యార్థి ఆ యంత్రాన్ని మొదటిసారి ఉద్యోగపు గదిలో చూస్తాడు. పుస్తకం చదవకుండా రచయిత కావడం ఎంత కష్టమో ఇది కూడా అంతే కష్టం.

ఈ దూరాన్ని పూడ్చడానికి ప్రతి ఇంటికీ యంత్రం అవసరం లేదు. ఈ ప్రాంతానికే ఒక పూర్వోదాహరణ ఉంది. జహీరాబాద్ సమీపంలోని మాచనూరులో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియోను డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన గ్రామీణ దళిత మహిళలు నడిపారు. ప్రసార యంత్రం ఏ ఒక్క కుటుంబపు స్తోమతకూ అందేది కాదు. సంఘం చేతిలో అది అందరిదీ అయింది. గ్రంథాలయంలోనో, జూనియర్ కళాశాలలోనో ఒక కన్సోలు, పదిహేను ఇరవై డిస్కులు ఉంటే ఆ ఖర్చు ఏళ్ల తరబడి వందల విద్యార్థుల మధ్య పంచబడుతుంది. పాత పార్లరు చేసిన పనిని ప్రజా సంస్థ చేయడమే ఇది. అందుకు డిస్కు ఉన్న యంత్రం, అరువు ఇవ్వదగిన ఆట కావాలి. అవి విపణిలో ఉండగానే ఈ ఆలోచన చేయడం మేలు.

11. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి.

1. అమెరికాలో కనీస వేతన కార్మికుడికి కన్సోలు వెల 1977 నుంచి నేటి వరకు సుమారు 7 నుంచి 15 దినాల పని మధ్యనే ఉంది. ఉపాధి హామీ కూలి లెక్కన ఇక్కడ అది 2007లో 500 దినాలు, 2024-25లో 183 దినాలు.

2. ఇక్కడ దూరం తగ్గడానికి ప్రధాన కారణం కూలి, పంట ధరలు పెరగడం. యంత్రం ధర రూపాయల్లో తగ్గలేదు, పెరిగింది. సుంకాలు, పన్నులు, మారకపు విలువ ఆ భారాన్ని హెచ్చించాయి.

3. యంత్రం అందని కాలంలో ఆటను అందించినవి నకలు యంత్రం, గంట అద్దె, పాత యంత్రం. ఫోను ఆటను అందరికీ చేర్చింది కానీ ఆట మీద ఆటగాడికి ఉండే హక్కును తగ్గించింది.

4. కాలంతోపాటు ధర తగ్గే నియమం ఈ తరంలో నిలిచి ఉంటే కన్సోలు తొలిసారి వంద దినాల పని దిగువకు వచ్చేది. ఆ అవకాశం చేజారింది.

వస్తువు అగ్గువైందా అని అడిగేటప్పుడు ఎవరికి, ఎన్ని దినాల పనికి అన్న మాటలను చేర్చి అడగాలి. అలా అడిగితే పిరం అన్న మాటలోని రెండు అర్థాలూ, ఇష్టమూ దూరమూ, నేటికీ ఈ యంత్రం విషయంలో నిజంగానే ఉన్నాయని తెలుస్తుంది.